కోడె మూపు మీద మచ్చ

2018 ఎండాకాలం. నల్లగొండలో గడియారం సెంటర్ దాటి రెండు సందులు లోపలికి పోతే ఒక షట్టర్ గది. అందులో ఒక ఇనుప బల్ల, ఒక నీళ్ళ తొట్టి, తడి వెంట్రుకలు ఆరబెట్టే బ్లోయర్. అదే నా దుకాణం. అంతకు ముందు తొమ్మిదేళ్ళు బ్యూటీ పార్లర్‌లో పనిచేశాను. పెళ్ళికూతుళ్ళ కనుబొమ్మలు దిద్దిన చేత్తో కుక్కల గోళ్ళు కత్తిరిస్తున్నానని మా చుట్టాలు ఎత్తిపొడిచేవారు. నాకు మాత్రం ఈ పనే నచ్చింది. కుక్క అద్దంలో చూసుకుని "ఇంకొంచెం సన్నగా తియ్యి" అని సతాయించదు.

ఈ పనిని గ్రూమింగ్ అంటారు. స్నానం చేయించడం, దువ్వడం, గోళ్ళు తీయడం, చెవులు తుడవడం అన్నీ ఇందులోకే వస్తాయి. పొడుగు వెంట్రుకల కుక్కలను తెచ్చేవాళ్ళు నన్ను ఏమీ అడగరు. పొట్టి వెంట్రుకల కుక్కల వాళ్ళే అడుగుతారు. "గీదానికి వెంట్రుకలే లేవు గదా మేడం, ఏం దువ్వుతరు?" అని. నిజానికి అసలు పని అక్కడే ఉంటుంది. పమేరియన్ లాంటి వాటికి రెండు పొరలుంటాయి. పైన పొడుగు వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తటి పొర. దాన్ని డబుల్ కోట్ అంటాం. గ్రేట్ డేన్‌కు ఒక్కటే పొర, అదీ వేలి గోరంత పొడుగు. ఎండైనా, దుమ్మైనా, మన బోరునీళ్ళ ఉప్పైనా నేరుగా తోలు మీదే పడుతుంది.

అందుకే అలాంటి కుక్కకు ఇనుప దువ్వెన వాడకూడదు. రబ్బరు పళ్ళున్న బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ దువ్వాలి. దాన్ని కర్రీ బ్రష్ అంటారు. రాలిన వెంట్రుకలు సూదుల్లాగా చీరలో గుచ్చుకుని మూడు ఉతుకులకు గానీ వదలవు. ఒళ్ళు బరువు కాబట్టి సిమెంటు నేల మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి, అక్కడ కొబ్బరినూనె పట్టించాలి. ఇవన్నీ తెలిసిన మనిషినని అప్పట్లో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. జిల్లాలో ఈ పని చేసేవాళ్ళు నాకు తెలిసి ఇంకెవరూ లేరు, పొగరుకు అది చాలు.

ఒక పొద్దున నా షట్టర్ ముందు ట్రాలీ ఆటో ఆగింది. వెనుక ట్రాలీలో ఒక గ్రేట్ డేన్ కుక్క నిలబడి ఉంది. అది నిలబడితే నా నడుము దాటుతుంది. ఒళ్ళంతా జొన్నరొట్టె రంగు, మూతి నలుపు. దాని పక్కన తలపాగా చుట్టుకున్న ముసలాయన కూర్చున్నాడు. ముందు కుక్క దిగింది. దిగి పరుగెత్తలేదు, ట్రాలీకి ఒరుసుకుని నిలబడింది. ఆయన దాని మీద ఎడమ చెయ్యి ఆనించి మెల్లగా కాళ్ళు కింద పెట్టాడు.

ఆయన పేరు మల్లయ్య. నిలబడ్డాక కూడా నడుము దగ్గర వంగే ఉన్నాడు. ముఖం నేలనే చూస్తోంది, నన్ను చూడాలంటే మెడ పక్కకు తిప్పాలి. వాళ్ళది మునుగోడు వైపు ఊరు. ఆ వైపు పాత బోరునీళ్ళు తాగి పెరిగిన వాళ్ళను చూస్తే కారణం అడగనక్కరలేదు. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకలను పట్టేస్తుంది. నల్లాకు మంచినీళ్ళు వచ్చేనాటికి ఆయన వెన్ను ఎప్పుడో వంగిపోయింది.

"కట్టె పట్టుకోవా తాతా?" అని అడిగాను.

"కట్టె జారుతది బిడ్డా. నా కోడె జారదు" అన్నాడు.

ఆటో ముందు సీట్లోంచి దిగిన కొడుకు నర్సింహ ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. నాలుగు పైసలు చేతిలో ఆడగానే ఊళ్ళో ఎవరి దగ్గరా లేని కుక్కను తెచ్చి టైగర్ అని పేరు పెట్టాడు. ఆ పేరు కుక్కకు పట్టలేదు. ముసలాయన జీవితమంతా ఎడ్లతో వ్యవసాయం చేసినవాడు. కుక్క ఎత్తూ రంగూ చూసి కోడె అన్నాడు. ఎడ్ల మూపురం మీద చెయ్యి వేసి నడిచిన అలవాటు కొద్దీ దీని మూపు మీద కూడా చెయ్యి వేశాడు. రెండేళ్ళుగా మంచానికి అంటుకుని ఉన్న మనిషి ఆ మూపు ఆసరాతో లేచి, పొద్దునా సాయంత్రం ఊరి మధ్య హోటల్ దాకా పోయి చాయ్ తాగి రావడం మొదలుపెట్టాడు. నర్సింహ ఇది నవ్వుతూ చెప్పాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

కుక్క మూపు మీద, కొంచెం కుడివైపుకు, అరచేయంత మేర వెంట్రుకలు పోయాయి. తోలు ఎర్రగా కంది, అక్కడక్కడ పొట్టు లేస్తోంది.

"మా సునీతకు ఏడో నెల అక్కా. గిది గజ్జి అయితె పుట్టే పిల్లకు అంటుకుంటదని భయపడుతుంది. కాన్పు దాకా తగ్గకపోతె దేవరకొండ దిక్కు మా దోస్తు తోట ఉన్నది, ఆడికి పంపుదామనుకుంటున్నం."

అతని భార్య సునీతను తప్పు పట్టడానికి లేదు. కొన్ని చర్మ రోగాలు కుక్క నుంచి మనిషికి అంటుకునేవే. కడుపుతో ఉన్న మనిషి ఆ భయం పెట్టుకోకపోతేనే ఆశ్చర్యం.

నేను మచ్చ చూస్తుంటే ముసలాయన కూడా మెడ తిప్పి చూశాడు. "గది కాడి పుండు లెక్క కనబడతాంది బిడ్డా. ఎద్దు మెడ మీద కాడి ఒరిసి ఒరిసి గిట్లనే అయితది. కాడి లేకుంట గిదెట్ల పడ్డదో సమజ్ అయితలేదు" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. "కుక్కతోని నాగలి దున్నిస్తున్నవా ఏంది తాతా?" అన్నాను. నర్సింహ కూడా నవ్వాడు. ముసలాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను డాక్టర్‌ను కాదు. చర్మం మీద మచ్చ కనిపిస్తే ముందు పశువుల దవాఖానకు పంపడం నా పద్ధతి. అక్కడి డాక్టర్ బ్లేడుతో చర్మం పైపైన గీకి, ఆ పొట్టును అద్దం పలక మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూశారు. దాన్ని స్కిన్ స్క్రేపింగ్ అంటారు. గజ్జి పురుగులు కనబడలేదు. ఫంగస్ కావచ్చు, పూత మందు రాసి చూడండి, తగ్గకపోతే మళ్ళీ రండి అన్నారు. మందు షాంపూతో నేను స్నానం చేయించాను. అంత పెద్ద కుక్క నా తొట్టిలో పట్టక, ముందు కాళ్ళు తొట్టిలో, వెనుక కాళ్ళు నేల మీద పెట్టుకుని నిలబడింది. మచ్చ మీద నురుగు పడినప్పుడు తోలు మాత్రం వణికింది. కాలు కదపలేదు.

పోయేటప్పుడు నేను ఒక జాగ్రత్త చెప్పాను. డాక్టర్ చెప్పింది కాదు, నా సొంత తెలివి. "రెండు వారాలు దీన్ని యేరే కట్టెయ్యుండ్రి. మందు రాసేటప్పుడు తప్ప ఎవ్వరూ ముట్టుకోవద్దు."

"నాయిన గూడనా?" అన్నాడు నర్సింహ.

"అందరూ."

ముసలాయన మెడ పక్కకు తిప్పి నా ముఖం చూశాడు. "మరి నేను హోటల్‌కు ఎట్ల పోవాలె బిడ్డా?"

"రెండు వారాలు ఇంట్లనే చాయ్ తాగు తాతా. కోడలు చాయ్ మంచిగ పెట్టదా?" అన్నాను. సరదాకే అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా నోటి మీద నాకే కోపం వస్తుంది.

రెండు వారాల తర్వాత నర్సింహ కుక్కను తెచ్చాడు. ఎరుపు పోయింది. మచ్చ అంతటా చిన్న చిన్న మొలకలు వచ్చాయి. నా సంతోషం చెప్పలేను. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి ఫోన్‌లో స్టేటస్ పెట్టుకున్నాను. ఎవరు ఫోన్ చేసినా ఆ షాంపూ గొప్పతనం చెప్పాను, అంటే నా గొప్పతనమే.

"తాత రాలేదేంది?" అని అడిగాను మధ్యలో.

"పడ్డడక్కా. కోడె లేకుంట ఒక్కడే హోటల్‌కు పోదామని బయలెల్లిండు. తొవ్వల బోర్లపడి నొసలు పగిలింది. నాలుగు కుట్లేసిండ్రు."

అయ్యో అన్నాను. నిజంగానే బాధపడ్డాను. కానీ ఆ పడడానికి, నా మాటకు ముడి ఉందని ఆ నిమిషంలో నాకు తట్టలేదు. లేదా తట్టినా పక్కకు నెట్టేశాను. "ఇగ మంచిగైంది, ఇడిచిపెట్టుండ్రి" అని చెప్పి పంపాను.

నెల దాటింది. నర్సింహ ఫోన్ చేశాడు. గొంతులో మునుపటి జోరు లేదు.

"మల్ల వచ్చిందక్కా. గదే జాగాల, గంతే మచ్చ. సునీత ఇగ ఊకునేటట్టు లేదు, తొమ్మిదో నెల పడ్డది. ఎల్లుండి ఐతారం తోటకు పంపుతున్న. తోల్కపోయేటోళ్ళకు మురికి కుక్కను ఇచ్చుడు మంచిగుండదు. నువ్వొచ్చి జర తానం పోసి పో."

"తాత ఏమంటుండు?"

"ఏమంటలేడు. గదే మాకు బాధగున్నది."

మర్నాడు శనివారం పొద్దున్నే బ్రష్షులు, షాంపూ సంచిలో వేసుకుని బస్సెక్కాను. కుక్కకు సాగనంపు స్నానం చేయించడం నా జీవితంలో అదే మొదలు. మందు ఎందుకు ఓడిపోయిందో తోవ పొడుగునా ఆలోచించాను. కొత్త మందులు రెండు మూడు తట్టాయి. మనుషుల గురించి ఆలోచన రాలేదు.

వాళ్ళ ఇంటి ముందు రేకుల పందిరి, పందిరి కింద గచ్చు అరుగు. సునీత లోపలికి పిలిచి, చాయ్ పెట్టడానికి వెళ్ళింది. కుక్క పెరట్లో కట్టేసి ఉంది. మల్లయ్య అరుగు మీద కూర్చున్నాడు. నొసటి మీద కుట్ల గీత ఇంకా లేతగా ఉంది. నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా, కూసో" అన్నాడు.

కాసేపటికి బొడ్లో నుంచి చిన్న రేకు డబ్బీ తీశాడు. ఒక అరలో తంబాకు, ఇంకో అరలో సున్నం. ఎడమ అరచేతిలో తంబాకు పోసుకుని, గోటితో సున్నం తీసి వేసి, కుడి బొటనవేలితో నలిపాడు. తొందర లేదు. చాలాసేపు నలిపి, రెండు తట్లు తట్టి, దుమ్ము ఊది, చిటికెడు పెదవి కింద పెట్టుకున్నాడు. చెయ్యి పంచెకు తుడుచుకోనూ లేదు, కడుక్కోనూ లేదు. మా ఇంట్లో మా తాత చేసిందీ అదే. చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు చూసిన పని, అందుకే చూస్తూ కూడా చూడలేదు.

"ఒక్కసారి ఇప్పు బిడ్డా దాన్ని. తానం పోసేముందు హోటల్ దాక పోయొస్తం, నేనూ అదీ. రేపు ఉండదు గదా" అన్నాడు.

నేను వెళ్ళి గొలుసు విప్పాను. ఆయన "కోడె, దా" అన్నాడు. అది వచ్చి ఆయనకు ఎడమ పక్క నిలబడింది. ఆయన చెయ్యి పైకి లేచింది. ఇంకా తాకలేదు, అయినా ఈగ వాలబోతే ఎద్దు తోలు వణికినట్టు దాని మూపు మీద తోలు వణికింది. కాళ్ళు మాత్రం కదపలేదు. పైగా భుజాన్ని ఒక అంగుళం ఆయన వైపు జరిపింది. చెయ్యి వచ్చి దాని మీద కూర్చుంది. ఆయన ఒంటి బరువంతా ఆ చేతిలోకి దించి అరుగు మీద నుంచి లేచాడు.

ఆ చెయ్యి సరిగ్గా మచ్చ మీద ఉంది.

"తాతా, జర గట్లనే ఉండు" అన్నాను. దగ్గరికి పోయి ఆయన చెయ్యి ఎత్తాను. కుక్క మీద ఎంత మేర వెంట్రుకలు పోయాయో అంతే మేర చెయ్యి, గిన్నె మీద మూత లెక్క. అరచేతి గీతలన్నిటిలో తెల్లగా సున్నం.

పార్లర్‌లో తొమ్మిదేళ్ళు పనిచేశానని చెప్పాను కదా. అక్కడ వెంట్రుకలు తీసే క్రీమ్ కొన్ని నిమిషాలకు మించి ఉంచితే చర్మం కాలుతుందని ప్రతి అమ్మాయికీ చెప్పేదాన్ని, ఎందుకంటే అందులో సున్నం జాతి మందు ఉంటుంది. తోలు పని చేసేవాళ్ళు కూడా తోలు మీది వెంట్రుకలు ఊడడానికి సున్నం నీళ్ళలోనే నానబెడతారు. ఇవన్నీ తెలిసిన దాన్ని. పెద్ద జుట్టున్న కుక్క అయితే ఆ సున్నం పైనే ఆగిపోయేది. దీనికి గోరంత వెంట్రుక, దాని కింద పలుచటి తోలు. రోజూ సున్నం, దాని మీద మనిషి బరువు, ఆ రెండింటి కింద రాపిడి. రెండు వారాలు పుండును మాన్పింది నా షాంపూ కాదు. ఈ చెయ్యి తాకకపోవడం.

అన్నీ ఆయనకు చెప్పాను. దాచకుండా చెప్పాను. చాయ్ గ్లాసులతో వచ్చిన సునీత గడపలోనే నిలబడి వింటోంది.

మల్లయ్య తన అరచేయి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు. తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాలిలోనే ఉంచాడు. కుక్క తల తిప్పి ఆ చేతి కోసం చూసింది.

"కాడి పుండే గదా బిడ్డా. నేను చెప్పిన నీకు" అన్నాడు.

"అవ్ తాతా. నువ్వు చెప్పినవు. నేనే నవ్విన."

"కాడి నేనే అయితినే" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగిన మనిషి కదా, చెంపల మీదికి జారకుండా నేరుగా నేల మీద పడ్డాయి. "గంతగనం మండుతుంటె మరి పక్కకు తప్పుకోకపాయెనేందే?"

జవాబు సునీత చెప్పింది.

"తప్పుకుంటె నువ్వు పడ్తవు గదా మామా" అంది.

ఆ మాట అన్నాక ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి నన్ను అడిగింది. "గజ్జి కాదు గదక్కా? పక్కానా?"

"కాదు. అనుమానముంటె డాక్టర్‌కు మల్ల చూపిద్దాం. నేను గూడ వస్త."

"అయితె మా ఆయనకు ఫోన్ చేస్త. తోటోళ్ళను రావొద్దంట" అని చాయ్ గ్లాసులు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళింది. నేను ముసలాయన పక్కన కూర్చున్నాను. దాన్ని కట్టేయమన్నది నేనేనని, ఆ నొసటి కుట్లు నా మాట వల్లేనని చెప్పాను. క్షమించమని అడిగాను. పార్లర్‌లో గానీ, దుకాణంలో గానీ ఎవరినీ అలా అడిగిన గుర్తు నాకు లేదు.

"ఊకో బిడ్డా. కుట్లు మానినయి. నువ్వు గట్ల చెప్పకపోతె, చెయ్యి తీస్తె మానుతదని ఎరుకయ్యేదా?" అన్నాడు. ఆ మాట నన్ను ఊరడించడానికే అన్నాడని నాకు తెలుసు.

ఆ రోజు స్నానం చేయించాను. సాగనంపు స్నానం కాదు. తర్వాత ముగ్గురం కూర్చుని ఉపాయం ఆలోచించాం. తంబాకు మానమని సునీత అనబోయింది. ఆయన చూసిన చూపుకు ఆ సంగతి అక్కడే ఆగిపోయింది. కాడి పుండైతే ఎద్దును మానేదాకా విడిచేవాళ్ళమని, కాడికి గుడ్డ చుట్టేవాళ్ళమని చెప్పాడు. నేను పక్క మార్చమన్నాను. కుక్క కుడివైపు నడిస్తే కుడి చెయ్యి వేరే జాగాలో పడుతుంది, పుండు మానుతుంది. అరుగు పక్కన ఒక బకెట్, చెంబు, సబ్బు పెడితే తంబాకు నలిపినప్పుడల్లా చేతులు కడుక్కోవచ్చు.

"దాపటెద్దు వలపటకు రావాలంటె నెల పడ్తది" అన్నాడు ముసలాయన. నాగలికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. అలవాటు పడ్డ పక్క మార్చడం ఎడ్లకు అంత సులువు కాదట. డాక్టర్ మళ్ళీ చూసి ఫంగస్ కాదని, సున్నం తగలకుండా చూసుకుంటే చాలని చెప్పాక వాళ్ళు మొదలుపెట్టారు. పది రోజుల తర్వాత ఫోన్ చేస్తే, "కోడె నాలుగు రోజులల్ల నేర్చింది బిడ్డా. నాకే ఇంకా ఎడమ చెయ్యి లేస్తాంది" అన్నాడు.

సునీతకు ఆడపిల్ల పుట్టింది. పురుడైన మూడో నెలలో కుక్కకు గోళ్ళు తీయడానికి నన్ను పిలిచారు. మల్లయ్య, కోడె హోటల్ నుంచి వస్తూ దారిలోనే ఎదురయ్యారు. కుక్క కుడివైపు నడుస్తోంది. పాత మచ్చ నిండా వెంట్రుకలు వచ్చాయి. కానీ ఆ రంగు రాలేదు. దెబ్బ తిన్న తోలు మీద ఒక్కోసారి వెంట్రుక తెల్లగానే వస్తుంది. జొన్నరొట్టె రంగు ఒంటి మీద అరచేయంత తెల్లని మచ్చ దూరం నుంచే కనబడుతోంది.

పాత వృత్తి నాలో ఎక్కడికి పోతుంది? దువ్వుతూ దువ్వుతూ అన్నాను. "కుక్కలకు పడే రంగులుంటయి తాతా, ఏం హాని చెయ్యవు. గీ తెలుపు కలిసిపోయేటట్టు జర రంగేయాల్నా?"

ఆయన ఆ మచ్చ మీదికి చెయ్యి చాపి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనీ బిడ్డా. నా చెయ్యి ఏడ పెట్టొద్దో నాకు యాదికుండాలె."

అప్పటి నుంచి నా దుకాణానికి ఏ కుక్క వచ్చినా నేను ముందు కుక్కను చూడను. దాన్ని రోజూ ఎవరు ముట్టుకుంటారు, ఏ పని చేసిన చేత్తో ముట్టుకుంటారు అని అడుగుతాను. ఎవరైనా పెద్దమనిషి నవ్వొచ్చే మాట చెప్పినా సరే, నవ్వకుండా రాసుకుంటాను.